రెండో గడ్డం, మూడో అంతస్తు

సోమవారం పొద్దున ఏడింటికి హెడ్డుగారు అద్దం ముందు నిలబడి ఆ రోజు పథకాన్ని మరోసారి నెమరు వేసుకున్నారు. నమలడం నిషేధం కాబట్టి ఆయనకు మిగిలింది నెమరు వేసుకోవడమే. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లాలి. తలనూ దవడలనూ కలిపి చుట్టిన మఫ్లరు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ఫైళ్ల గుట్ట వెనక కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, మధ్యాహ్నం ఫ్లాస్కులో ఉన్న చల్లటి సూపు తాగి, ఐదింటికి ఇల్లు చేరాలి. ఇలా పది రోజులు గడిస్తే పదకొండో రోజున ఆయనకు ఒకే ఒక్క గడ్డం ఉంటుంది. రెండోది ఏమైందో ఆయనకూ, ఆయన భార్యకూ, కోసిన డాక్టరమ్మకూ తప్ప నరమానవుడికి తెలియదు.

హెడ్డుగారు నగర నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల విభాగానికి హెడ్ క్లర్కు. వయసు యాభై మూడు. నలభై దాటిన దగ్గర్నుంచి ఆయన గడ్డం కింద మరో గడ్డం చడీచప్పుడూ లేకుండా పెరుగుతూ వచ్చింది. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పోయిన నెలలో రికార్డుల గుమాస్తా రిటైరయ్యాడు. వీడ్కోలు సభకు వచ్చిన చీఫ్ ఇంజనీరు వరసలో నిలబడ్డవాళ్లను ఒకసారి ఎగాదిగా చూసి, పూలగుత్తిని తిన్నగా తెచ్చి హెడ్డుగారి చేతిలో పెట్టి, "ఇకనైనా హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. అసలు రిటైరయ్యేవాడు పక్కనే సన్నగా, నిటారుగా నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లే హెడ్డుగారిని ఆపరేషను బల్ల ఎక్కించాయి. ఆఫీసుకు మాత్రం పన్ను పీకించుకుంటున్నానని సెలవు చీటీ పంపారు.

కత్తి వాటు ఆయన్ను అంతగా బాధించలేదు. బాధంతా డాక్టరమ్మ ఇచ్చిన చార్టుతోనే. పద్నాలుగు రోజులు నమలకూడదు. ఉప్పు తగిలితే వాపు, కారం తగిలితే మంట, వేడి తగిలితే నెత్తురు. టీ, కాఫీ దగ్గరికి రానివ్వకూడదు. నోరు పెద్దగా తెరవకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు, నవ్వకూడదు. "నవ్వు తిండి కాదు కదా డాక్టర్?" అని ఆయన అడిగితే, "కుట్లకు ఆ తేడా తెలియదండీ" అందావిడ. చెవుల వెనక నుంచి గడ్డం కిందికి బిగించిన పట్టీ రాత్రింబవళ్లూ ఉండాలి. అందులో నాలుగు రోజులు ఇంట్లోనే గడిచాయి. ఇంకా పది మిగిలాయి. సెలవులు మాత్రం మిగల్లేదు.

ఆఫీసులో హెడ్డు ఆయన అయితే ఇంట్లో హెడ్డు ఆయన భార్య. ఆవిడ బడిలో హెడ్మిస్ట్రెస్సు. చార్టును టైంటేబులులాగా ఫ్రిజ్ తలుపుకు అంటించి, గంట గంటకూ ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతోంది. హెడ్డుగారు ఒక చీటీ మీద "ఒక్క బ్రెడ్డు ముక్క" అని రాసి ఆవిడ ముందుకు తోశారు.

"చార్టులో ఉందా?" అందావిడ.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"చార్టులో లేనిది ఇంట్లోనూ లేదు. ఫ్లాస్కు తీసుకోండి. ఆఫీసులో ఎవరైనా ఏదైనా పెడితే ఏం చేస్తారు?"

ఆయన చేతిలో ఉన్న చీటీల కట్ట చూపించారు. ఏం చెప్పాలన్నా రాసి చూపిస్తారన్నమాట. ఆవిడకూ అది తెలివైన ఏర్పాటుగానే తోచింది.

హెడ్డుగారి విభాగం మూడో అంతస్తులో ఉంది. నగరానికంతా నీళ్లిచ్చే ఆ కార్యాలయంలో మూడో అంతస్తుకు మూడు నెలలుగా నీళ్లు లేవు. మోటారు బలమంతా రెండో అంతస్తుతో, అంటే చీఫ్ ఇంజనీరు గదితో సరి. దాని మీద ఒక ఫైలు నడుస్తోంది. ఫిర్యాదు ఏదైనా ఫిర్యాదుల విభాగం ద్వారానే రావాలి కాబట్టి హెడ్డుగారు దాన్ని రెండో అంతస్తుకు పంపుతారు. ఫిర్యాదులు ఏవైనా పరిష్కరించవలసింది ఫిర్యాదుల విభాగమే కాబట్టి రెండో అంతస్తు దాన్ని "తగు చర్య నిమిత్తం" హెడ్డుగారికే తిప్పి పంపుతుంది. ఫైలు అలా పదకొండుసార్లు మెట్లెక్కి దిగింది.

పదింటికి టైపిస్టు పన్నెండోసారి ఆ ఫైలును చంకలో పెట్టుకుని వచ్చింది. టైపు మిషన్లు పోయి పదేళ్లయినా ఆవిడ ఉద్యోగం పేరు మాత్రం టైపిస్టుగానే ఉండిపోయింది. నలభై అయిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు.

"పన్ను తీశారటగా సార్. టీ చెప్పనా, కాఫీ తాగుతారా? కేకు కూడా ఉంది, మెత్తగానే ఉంది."

కేకు మాట వినగానే హెడ్డుగారి కళ్లు చెమ్మగిల్లాయి. గుండె దిటవు చేసుకుని చీటీ అందుకుని రాశారు: "నీళ్లే కావాలి. ఇంకేమీ వద్దు. పది రోజులు."

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. చంకలో ఉన్న ఫైలు వైపు చూసింది. ఆయన మఫ్లరు వైపు చాలాసేపు చూసింది.

"పది రోజులా సార్?"

ఆయన తల నిలువుగా ఊపారు.

"నీళ్లు తప్ప ఇంకేమీ వద్దా?"

ఇంకా గట్టిగా ఊపారు.

"అర్థమైంది సార్" అంది ఆవిడ. చీటీని నలగకుండా ఫైలులో పెట్టుకుని వెళ్లిపోయింది. గండం ఇంత తేలిగ్గా గడిచినందుకు హెడ్డుగారు కుర్చీలో వెనక్కి వాలారు.

పన్నెండింటికి మైకు వచ్చాడు. మైకు అంటే ఉద్యోగుల సంఘం కార్యదర్శి. మైకు అవసరం లేకుండానే నాలుగంతస్తులకు వినబడే గొంతు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. వెనక నలభై మంది ఉన్నారు. అతని చేతిలో హెడ్డుగారి చీటీ ఉంది.

"అన్నా, పాతికేళ్లుగా సంఘం నడుపుతున్నాను. ఇంత మాట ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు" అన్నాడు మైకు. నిజానికి హెడ్డుగారి నోటా ఎవరూ వినలేదు. "నీళ్లే కావాలి. ఇంకేమీ వద్దు. పది రోజులు నిరాహార దీక్ష. ముష్టి జీతాల పెంపు అడగలేదు, ప్రమోషను అడగలేదు. నీళ్లు అడిగాడు మా అన్న."

హెడ్డుగారు అదిరిపడి తల అడ్డంగా ఊపారు.

"చూశారా, పొగడొద్దంటున్నాడు" అన్నాడు మైకు, వెనక్కి తిరిగి.

ఆయన గబగబా ఇంకో చీటీ రాశారు. "నాకు ఒంట్లో బాగాలేదు. వదిలేయండి." మైకు దాన్ని బిగ్గరగా చదివాడు. "ఒంట్లో బాగాలేదట. అయినా సరే, నా ఒంటి సంగతి వదిలేయండి, నీళ్ల సంగతి చూడండి అంటున్నాడు." చప్పట్లు మోగాయి.

మూడో చీటీ మీద నిజం రాసేద్దామనే హెడ్డుగారు పెన్ను తీశారు. "గడ్డం" అని రాశారు కూడా. తలెత్తి చూస్తే నలభై జతల కళ్లు. రిటైర్మెంటు పూలగుత్తి తనకిచ్చినప్పుడు నవ్వినవి కూడా ఇవే కళ్లు. యాభై మూడేళ్ల హెడ్ క్లర్కు అందం కోసం గడ్డం కోయించుకున్నాడని తెలిస్తే ఈ ఆఫీసు తను రిటైరయ్యేదాకా కాదు, ఈ భవనం కూలేదాకా నవ్వుతుంది. ఆయన చీటీ చింపేశారు.

"రాజీనామా కూడా రాసేశాడు, మనల్ని చూసి చింపేశాడు" అన్నాడు మైకు, కళ్లు తుడుచుకుంటూ.

అరగంటలో మెట్ల కింది వరండాలో చాప పరిచారు. "నీళ్లే కావాలి" అని గుడ్డ కట్టారు. హెడ్డుగారిని రెండు రెక్కలూ పట్టుకుని తీసుకొచ్చి దిండుకు ఆనించారు. దీక్ష పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అని సంఘం తీర్మానించింది. ఐదున్నరకు కాపలావాడు గేటు వేసేస్తాడు, పైగా ఆఫీసు వేళలు దాటాక ఆకలితో ఉండడం ఓవర్‌టైము కిందికి వస్తుంది. ఆయన సంచిలో ఉన్న ఫ్లాస్కును మైకు స్వాధీనం చేసుకున్నాడు.

"ఎవడైనా వాసన చూశాడంటే దీక్ష పరువు గంగలో కలుస్తుందన్నా" అంటూ మూత తీసి, రుజువులు మిగలకుండా మొత్తం తనే తాగేశాడు. "అదేంటి, ఉప్పు వేయలేదు వదిన?"

ఆ సాయంత్రం ఇంట్లో హెడ్డుగారు జరిగిందంతా నాలుగు కాగితాల మీద రాసి భార్యకిచ్చారు. ఆవిడ అలవాటు కొద్దీ రెండు అక్షర దోషాలు దిద్ది, చదవడం పూర్తి చేసింది.

"రేపు వెళ్లి నిజం చెప్పేయండి."

"అవమానం" అని రాశారాయన.

"దీర్ఘం సరిగానే ఇచ్చారు" అందావిడ. "సరే, మీ ఇష్టం. కానీ చార్టు మాత్రం తప్పడానికి వీల్లేదు. పొద్దున తొమ్మిదిలోపు రెండు గ్లాసుల సూపు, సాయంత్రం వచ్చాక రెండు గ్లాసులు. మధ్యలో కూర్చుని కళ్లు మూసుకోండి. డాక్టరమ్మ చెప్పిన విశ్రాంతి ఇంతకంటే బాగా ఏ ఆఫీసూ ఇవ్వదు."

మంగళవారం నుంచి డాక్టరమ్మ పనితనం బయటపడసాగింది. వాపు తీయడం మొదలైంది. సోమవారం మూడు చుట్లతో సరిపోయిన మఫ్లరు బుధవారానికి నాలుగు చుట్లు తిరిగింది. కమిలిన నెత్తురు మెడ మీదికి దిగి ఒక పక్క పసుపుగా, ఒక పక్క ఆకుపచ్చగా తేలింది. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి నొచ్చుకున్నారు.

"ఆకలికి రంగు మారిపోతున్నాడు" అని మైకు ప్రకటించాడు.

పత్రికవాళ్లు వీడ్కోలు సభ నాటి ఫోటోనూ, నిన్నటి ఫోటోనూ పక్కపక్కన వేశారు. కింద "రెండు రోజుల్లో కరిగిపోయిన గుమాస్తా" అని రాశారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో హెడ్డుగారు వస్తుంటే ఎవరూ లేచి నిలబడిన పాపాన పోలేదు. ఇప్పుడు గేటు దగ్గర కాపలావాడు సలాం కొడుతున్నాడు. నీళ్లు రాని వీధులవాళ్లు వచ్చి చేతులు పట్టుకుంటున్నారు. మొదట భయంతో కళ్లు మూసుకుని కూర్చున్న ఆయన, బుధవారం మధ్యాహ్నానికి కెమెరా కనబడగానే మొహం కొంచెం పక్కకు తిప్పి, మఫ్లరు మీంచే అయినా దవడ గీత పడేలా కూర్చోవడం నేర్చుకున్నారు. అందులో ఆయన తప్పు లేదు. ఆ గీత కోసమే కదా ఇంత కష్టం.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. బుధవారం రెండింటికి టైపిస్టు వచ్చి చాప మీద ఆయన పక్కన కూర్చుంది. "సార్ ఒక్కరే మాడుతుంటే నాకు ముద్ద దిగడం లేదు. నేనూ కూర్చుంటున్నాను" అంది. మైకు ఆవిడ త్యాగం గురించి పావుగంట మాట్లాడాడు. హెడ్డుగారికి ఒక్క ముక్కా వినబడలేదు. పొద్దున రెండు గ్లాసుల సూపు, భార్య చూడకుండా గిన్నె అడుగున మిగిలిన మూడో గ్లాసూ తాగి వచ్చిన మనిషి ఆయన. ఆవిడ ఏమీ తినకుండా, మోకాళ్లు ముడుచుకుని, తన కోసం కూర్చుంది. మధ్యమధ్య ఏదో ఫైలు చూసి వస్తానని లేచి, కుంటుకుంటూ రికార్డు గదిలోకి వెళ్లి వస్తోంది. మాడుతూ కూడా పని మానలేదు ఆ ఇల్లాలు.

గురువారానికి ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి. మాట నీరసంగా వస్తోంది. హెడ్డుగారికి ఆ ఉదయం సూపు గొంతు దిగలేదు. "ఈ రోజు చెప్పేస్తాను" అని చీటీ రాసి ఫ్రిజ్ మీద చార్టు పక్కనే అంటించి వచ్చారు. నవ్వితే నవ్వనీ. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన గడ్డం ఎంత నున్నగా ఉంటే మాత్రం ఏం లాభం?

పదకొండున్నరకు చీఫ్ ఇంజనీరు స్వయంగా కిందికి దిగాడు. ఒక చేతిలో పళ్లరసం గ్లాసు, ఇంకో చేతిలో కేకు పళ్లెం. వెనక పత్రికల కెమెరాలు.

"హెడ్డుగారూ, మూడో అంతస్తుకు నీళ్లిచ్చే విషయం సానుకూలంగా పరిశీలిస్తాం. ఇదిగో, ఈ కేకు ముక్క తిని దీక్ష విరమించండి" అంటూ ముక్క నోటి దాకా తెచ్చాడు.

నమలకూడదు. హెడ్డుగారు తల అడ్డంగా ఊపారు.

"సరే, ఆరు నెలల్లో ఇస్తాం."

కేకు ఇంకా నోటి ముందే ఉంది. ఆయన మళ్లీ ఊపారు.

"నెలలో."

ఊపారు.

"పోనీ, వారంలో. లిఫ్టు కూడా బాగు చేయిస్తాం."

మైకు వెంటనే జేబులోంచి పాత కోరికల పట్టీ తీశాడు. విరిగిన కుర్చీలు అన్నాడు, చీఫ్ ఇంజనీరు ఒప్పుకున్నాడు. తిరగని ఫ్యాన్లు అన్నాడు, ఒప్పుకున్నాడు. కేకు ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా హెడ్డుగారి తల అడ్డంగా తిరుగుతూనే ఉంది. తల తిరిగినప్పుడల్లా ఆఫీసు బాగుపడుతూనే ఉంది.

"ఇంకేం కావాలయ్యా ఈయనకు?" అన్నాడు చీఫ్ ఇంజనీరు, చెమట తుడుచుకుంటూ.

హెడ్డుగారు పక్కకు చూశారు. టైపిస్టు గోడకు తల ఆనించి కళ్లు అరమోడ్చి ఉంది. ఇక ఆగలేకపోయారు. లేచి నిలబడి మఫ్లరు విప్పడం మొదలుపెట్టారు. ఒక చుట్టు, రెండు చుట్లు, నాలుగు చుట్లు. చెవుల వెనక నుంచి గడ్డం కిందికి బిగించిన తెల్లటి పట్టీ బయటపడింది. నాలుగు రోజుల తర్వాత తొలిసారి ఆయన పళ్ల సందులోంచి మాట వచ్చింది.

"నేను నిరాహార దీక్ష... అసలు ఇది..."

"అమ్మా" అని ఒక కేక పెట్టి టైపిస్టు పక్కకు ఒరిగి పడిపోయింది.

వరండా గగ్గోలెత్తిపోయింది. ఒకరు నీళ్లు అన్నారు, ఇంకొకరు నీళ్లెక్కడివి అన్నారు. చీఫ్ ఇంజనీరు పడిపోయిన టైపిస్టునూ, కట్టుతో నిలబడ్డ హెడ్డుగారినీ మార్చి మార్చి చూశాడు.

"ఆ కట్టేమిటి?"

మైకు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దవడలు కట్టేసుకున్నాడు సార్. నిద్రలో కూడా పొరపాటున ముద్ద లోపలికి పోకూడదని."

కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. చీఫ్ ఇంజనీరు చేతిలోంచి కేకు పళ్లెం ఎవరో అందుకున్నారు. ఫైలు ఎవరో అందించారు. మైకు వీపే బల్లగా చీఫ్ ఇంజనీరు "ఈ రోజే కొత్త మోటారు బిగించవలెను" అని రాసి సంతకం పెట్టాడు. మూడింటికల్లా మూడో అంతస్తులో కుళాయి మొదట దగ్గింది, తర్వాత తుప్పు నీళ్లు కక్కింది, ఆపైన మంచినీళ్లు వదిలింది. మైకు ఇచ్చిన పళ్లరసాన్ని హెడ్డుగారు నాలుగు గుక్కల్లో పూర్తి చేశారు. రసం చల్లగానే ఉంది, చార్టుకు విరుద్ధం కాదు.

కానీ మనసులో ముల్లు అలాగే ఉంది. ఇంకో గ్లాసు పట్టుకుని టైపిస్టును పడుకోబెట్టిన రికార్డు గదికి వెళ్లారు. ఆవిడ బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీఫ్ ఇంజనీరు తెచ్చిన కేకు తింటోంది.

"తలుపు దగ్గరగా వేయండి సార్" అంది.

ఆయన వేశారు. "అమ్మా, మీకో నిజం చెప్పాలి. నేను దీక్ష చేయలేదు. నాకు ఆపరేషను..."

"గడ్డానికి. తెలుసు సార్."

హెడ్డుగారు గ్లాసు కింద పెట్టారు.

"మా అక్క అలాంటి ఆసుపత్రిలోనే నర్సు. ఆ పట్టీలు మా ఇంట్లో రెండున్నాయి. సోమవారం మీ మఫ్లరు అంచున కనబడగానే గుర్తుపట్టాను. అయినా పన్ను పీకించుకున్నవాళ్లు రెండు రోజులంటారు గాని పది రోజులంటారా?"

"మరి నా చీటీ?"

"నాకు సరిగ్గానే అర్థమైంది. మైకుగారికే ఇంకోలా అర్థం చెప్పాను." ఆవిడ వేళ్లకంటిన క్రీము నాకింది. "మూడు నెలలు సార్. రోజుకు నాలుగుసార్లు, కింద ఆడవాళ్ల గదికని మూడంతస్తులు దిగాలి, ఎక్కాలి. మీ మగవాళ్లకేం, వెనక ప్రహరీ గోడ ఉంది. ఆ ఫైలు మీద మీరు పదకొండు సంతకాలు చేశారు. ఒక్కసారైనా పైకి చూశారా, తెచ్చింది ఎలా కుంటుతోందో?"

హెడ్డుగారు తల దించుకున్నారు. ఇప్పుడు తల దించితే గడ్డం ఛాతీకి తగలడం లేదని ఆ బాధలోనూ ఆయన గమనించారు.

"మరి మీరు నిన్నట్నుంచీ ఏమీ తినకుండా..."

ఆవిడ పాత రిజిస్టర్ల వెనక నుంచి స్టీలు డబ్బా తీసి చూపించింది. "అందుకే కదా సార్ గంటకోసారి ఫైలు కోసం వచ్చింది."

"పెదవులు తెల్లబడ్డాయి?"

"పౌడరు."

"పడిపోయారు కదమ్మా."

"మీరు నిజం చెప్పబోయారు. నాకు ఇంకేం తోచలేదు. మోకాలికి మళ్లీ దెబ్బ తగిలింది, మీ వల్ల."

హెడ్డుగారికి మొదట కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తేలకపోవడంతో అది కాస్తా నవ్వయి కూర్చుంది. పొట్ట పట్టుకుని, దవడ పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"నవ్వకండి సార్. కుట్లు ఊడతాయి" అంది ఆవిడ కంగారుగా. అప్పటికే ఒకటి ఊడింది. డాక్టరమ్మ దానికి ఇంకో మూడు రోజుల సూపు శిక్ష వేసింది.

పదమూడు రోజులూ గడిచి పట్టీ విప్పిన మర్నాడు ఉదయం హెడ్డుగారు కాల్చిన బ్రెడ్డు ముక్కను ఇరవైసార్లు నమిలి మింగారు. అప్పుడే పత్రిక వచ్చింది. మూడో అంతస్తు కుళాయి పక్కన నిలబడ్డ ఆయన ఫోటో ముందు పేజీలోనే వేశారు. ఒకటే గడ్డం, గీత గీసినట్టున్న దవడ. ఆయన ఏమీ ఎరగనట్టు పత్రికను భార్య ముందుకు జరిపి, ఇంకో ముక్క నములుతూ ఎదురుచూశారు. ఆవిడ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఫోటోను దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, పత్రిక మడిచింది.

"గడ్డం బాగా కుదిరిందండీ. ఇన్నాళ్లూ దాన్ని చూడ్డంతోనే సరిపోయింది, మీ ముక్కు సంగతి నాకు తెలియనే లేదు."